మా కారనుకుని ఎక్కిన కారు

పట్టపగలు, జాతీయ రహదారి మీద, ఓ పెద్దావిడను కారులో ఎత్తుకుపోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, ఇప్పుడు చూడండి. ఆ మనిషిని నేనే. ఎత్తుకుపోవడమే కాదు, దారి పొడవునా ఆవిడకు జపాన్ కారు కంపెనీ చరిత్ర కూడా వినిపించాను. ఈ రెండింట్లో ఏది పెద్ద నేరమో అంతా చదివి మీరే తేల్చండి.

నేను సూర్యాపేటలో ఓ ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు చరిత్ర చెబుతాను. మిర్యాలగూడలో ఓ రైసు మిల్లు మేనేజరు తన పాత కారు అమ్ముతున్నాడని తెలిసి వెళ్లి కొనుక్కొచ్చాను. చిన్న కారు, తెల్ల రంగు, జపాన్ కంపెనీది. కంపెనీ పేరు మాత్రం చెప్పను. నేను చేసిన ఘనకార్యంలో వాళ్లకు వాటా లేదు.

చరిత్ర మాస్టారు కారు కొంటే ఏమవుతుంది? మామూలు మనుషులు కారు తుడుచుకుంటారు. నేను దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వుకున్నాను. దొరికిందల్లా చదివాను. చదివిందల్లా దొరికినవాళ్లకల్లా చెప్పాను. స్టాఫ్ రూములో నన్ను చూడగానే మా ఫిజిక్స్ లెక్చరర్ టిఫిన్ డబ్బా మూసేసి లేచేవాడు. ఆయనకూ అదే కంపెనీ కారు ఉంది. "రేకు మరీ పల్చగుంటది సార్. మా మేక ఆనుకుంటే సొట్ట పడ్డది" అనేవాడు. కోదాడలో ఉండే మా తోడల్లుడు మాత్రం దాని వీరాభిమాని. "ఏ ఊళ్లో ఆగినా సామాను దొరుకుతుంది అన్నా. ఇంకేం కావాలి?" అంటాడు. ఒకే కంపెనీ, ఇద్దరు మనుషులు, రెండు పురాణాలు.

మా ఆవిడ సువర్ణది మూడో పురాణం. మా కారు ఏసీ నుంచి వచ్చే గాలి, వేడన్నం మీద ఊదినట్టుంటుందని ఆవిడ అభిప్రాయం. ఎడమవైపు వెనక తలుపు, పెళ్లిలో తాంబూలం అందని చుట్టంలా దారంతా గొణుగుతూనే ఉంటుంది. "గీ తలుపు సప్పుడుకు నా చెవులు పోతున్నయయ్యా" అని ఆవిడంటే, "అది సప్పుడు కాదు, అనుభవం" అనేవాణ్ణి. చూశారుగా, అప్పట్లో నా తెలివి అలా ఉండేది.

ఆ ఎండాకాలం మా తోడల్లుడి గృహప్రవేశం వచ్చింది. కోదాడ బయల్దేరాం. ముందురోజు రాత్రి దాకా జాకెట్లు కుట్టీ కుట్టీ అలిసిపోయిన సువర్ణ వెనక సీట్లో ఒరిగి, ఎండ పడకుండా ముఖం మీద కొంగు కప్పుకుని నిద్రపోయింది. మునగాల దగ్గర టీ తాగాలనిపించి ఓ దాబా ముందు ఆపాను. ఆవిడకు ఉక్కపోయకూడదని ఇంజనూ, ఏసీ ఆపకుండా వదిలి, ఫోను ఛార్జింగులోనే ఉంచి దిగాను. ఇంత ప్రేమగల భర్త ఇంకెక్కడైనా ఉంటాడా అని నాకు నేనే అనుకున్నాను కూడా. ఒక్కసారి అనుకుని ఊరుకోవాల్సింది.

దాబాలో ఓ లారీ డ్రైవరు దొరికాడు. "జపాన్ కార్లన్నీ అగ్గిపెట్టెలు సారూ" అన్నాడు. ఇక నన్ను ఆపగలవాడెవరు? అతను టీ తాగి, బీడీ కాల్చి, చెయ్యి కడుక్కుని, చివరికి "నువ్వే గెలిచినవ్ సారూ, నన్ను వదిలెయ్" అని దండం పెట్టేదాకా వాదించాను. ఆ విజయగర్వంతో, దిగ్విజయం ముగించిన చక్రవర్తిలా బయటికొచ్చాను. ఎదురుగా తెల్ల కారు. ఇంజను నడుస్తోంది. వెనక సీట్లో ముఖం మీద కొంగు కప్పుకుని ఆడమనిషి. ఎక్కాను, కూర్చున్నాను, కోదాడ వైపు తోలాను.

దాని పక్కనే అచ్చం అలాంటిదే ఇంకో తెల్ల కారు, అదీ ఇంజను నడుస్తూ, అదీ వెనక సీట్లో కొంగు కప్పుకున్న మనిషితో నిలబడి ఉందని చక్రవర్తులు గమనించరు.

కొంచెం దూరం వెళ్లానో లేదో, ఒళ్లు ఝల్లుమంది. భయంతో కాదు, చలితో! ఏసీలోంచి కాశ్మీరం వస్తోంది. స్టీరింగు వెన్నలా తిరుగుతోంది. తలుపు నోరెత్తడం లేదు. ఇంకెవరైనా అయితే ఏమనుకునేవాళ్లు? "ఇది నా కారు కాదేమో" అనుకునేవాళ్లు. నేనేమనుకున్నాను? లారీ డ్రైవరు ముందు తన పరువు నిలబెట్టినందుకు కారు సంతోషించిందనుకున్నాను.

"సూసినవా సువర్ణా! బండికి గూడ జర ఆరాం కావాలె. ఎంత సల్లగొస్తుందో సూడు ఏసీ!" అన్నాను.

వెనక నుంచి "ఊ" అని వినిపించింది.

నా గుండె పొంగిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో నా కారు కబుర్లకు ఆవిడ ఊ కొట్టడం అదే మొదటిసారి. ఇక మొదలుపెట్టాను.

"ఈ కంపెనోళ్లు మొదట్ల కార్లు చెయ్యలే. మగ్గాలు చేసిండ్రు. కంపెనీ పెట్టినాయన తల్లి నేత పని చేసేదట. ఆమె కష్టం సూడలేక కొడుకు మంచి మగ్గం తయారు చేసిండంటరు."

"ఊ..." ఈసారి ఇంకాస్త సాగదీసి.

"తర్వాత సైకిలుకు ఇంజను బిగించిండ్రు. ఆ తర్వాత చిన్న చిన్న కార్లు. మన దేశానికొచ్చినంక, కారంటే దొరలకే అనుకున్న మనసొంటోళ్లం గూడ స్టీరింగు పట్టుకున్నం. మా నాయిన ఎడ్లబండి తోలిండు. నేను కారు తోలుతున్న. గది చిన్న ముచ్చటనా చెప్పు?"

"ఊ. పెద్ద ముచ్చటే" అని సన్నగా వినిపించింది. గొంతు కొంచెం బొంగురుగా ఉంది. నిద్రమత్తులే అనుకున్నాను.

వినే మనిషి దొరికితే నాలాంటివాడి నోరు ఎక్కడ ఆగుతుంది? కారు కథ నుంచి సంసారం కథలోకి జారింది.

"నిజం చెప్తున్న సువర్ణా. కారును పొగిడినంత నిన్నెన్నడు పొగడలే. కరోనల కాలేజీ మూతబడి జీతం బందైనప్పుడు నువ్వు మిషను తొక్కి ఇల్లు నడిపినవ్. ఒక్కనాడు గూడ నన్ను చిన్నచెయ్యలే. నేను దిగులుగ కూసుంటే, గుండీలు కుట్టమని నా చేతికిచ్చి పనిల పెట్టినవ్. నీ రుణం ఎన్నటికి తీరదు. ముఖం మీద చెప్పాల్నంటే సిగ్గైతది నాకు. గందుకే గిట్ల రోడ్డు దిక్కు సూసుకుంట చెప్తున్న."

వెనక నుంచి ముక్కు చీదిన చప్పుడు. నా కళ్లూ చెమర్చాయి. కోదాడ ఊరి మొదలు కనిపిస్తోంది. అప్పుడు వినిపించింది:

"బిడ్డా, నీ కథ మస్తుగుంది. పెండ్లామంటే నీకు పానం. అంత మంచిగనే ఉంది గని, ఇంతకు నువ్వెవలివి?"

బ్రేకు మీద నిలబడ్డాను. వెనక్కి తిరిగి చూస్తే, కొంగు తీసిన ఓ అవ్వ. నెరిసిన జుట్టు, ముక్కుకు పుడక, చేతిలో తువ్వాల. నా భార్య రోడ్డు మీదే ముసలిదైపోయిందా అని ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాను. నవ్వకండి. ఆ సీట్లో మీరుంటే తెలిసేది.

"అవ్వా... మీరెవరు?"

"నన్నడుగుతవేంది? మాది ఆత్మకూరు. నేను సైదులు తల్లిని. మా సైదులుకు నిద్రొస్తుందని నిన్ను డ్రైవరుగ పెట్టి ముందట సీట్ల పండుకున్నడనుకున్న."

"ఇది... ఇది సైదులు కారా?"

"కాకుంటే నీదా?"

చొక్కా జేబు తడిమాను, ప్యాంటు జేబు తడిమాను. ఫోను నా కారులో ఉంది. నా కారు మునగాలలో ఉంది. అందులో నా భార్య ఉంది. అవ్వ దగ్గర ఫోను లేదు. కొడుకు నంబరు ఆవిడకు నోటికి రాదు.

"భయపడకండి అవ్వా, ఇప్పుడే వాపస్ తిప్పుత" అన్నాను.

అవ్వ సీటు వెనక నుంచి నా భుజం గట్టిగా పట్టుకుంది. "తిప్పితే ఊకోను! నా మనుమరాలు మౌనిక గీడ దవాఖానల నొప్పులు పడుతుంది. తొలి కాన్పు. 'పిల్లను ముందుగాల నువ్వే ఎత్తుకోవాలె అవ్వా' అని పోన్ల ఏడ్సింది. నన్ను గాడ దించి, తర్వాత నువ్వు జైలుకే పోతవో, జపానుకే పోతవో నీ ఇష్టం. తోలు!"

ఎత్తుకుపోయినవాణ్ణి ఎత్తుకుపోబడిన మనిషి అదిలించింది. నేను తోలాను. సందుల్లో ఆవిడ చెప్పిన వైపల్లా తిప్పాను. దవాఖాన ముందు ఆపితే, ఆవిడ దిగడానికి నానా యాతన పడింది. "జపానోళ్లు పొట్టోళ్లా ఏంది బిడ్డా? సీటు నేలకే పెట్టిండ్రు. ఎక్కుడు అల్కగనే ఉంది గని దిగుడే నరకం" అంది. కంపెనీ చరిత్రలో నేనెక్కడా చదవని సంగతి అది. రెండు చేతులూ పట్టుకుని లేపాను.

లోపల కాన్పు గది బయట మౌనిక తల్లి, అంటే సైదులు భార్య, నిలబడి ఉంది. అత్తను చూసి ఊపిరి పీల్చుకుని, వెనకనున్న నన్ను చూసి ఊపిరి బిగబట్టింది. సంగతి చెప్పి సైదులుకు ఫోను చెయ్యమన్నాను. అవతలి నుంచి వచ్చిన కేకకు ఆమె ఫోను చెవికి దూరంగా పట్టుకుంది. ఆ మాటల్లో ఇక్కడ రాయదగినది "వస్తున్న" అన్నదొక్కటే.

అంతలోనే నర్సు తలుపు తీసింది. తెల్ల బట్టలో చుట్టిన పసిపిల్లను తెచ్చి, మౌనిక మాట ప్రకారం అవ్వ చేతుల్లో పెట్టింది. అవ్వ పిల్ల నుదుటికి తన ముక్కు ఆనించి అలాగే ఉండిపోయింది. నేనొక నేరస్థుణ్ణని మరిచిపోయి నేనూ ఏడ్చాను.

అప్పుడు వరండాలోకి తుపానులా దూసుకొచ్చాడు సైదులు. మనిషి తాటిచెట్టంత. చెమటతో నీళ్లలో ముంచి తీసినట్టున్నాడు. వెనకాలే జుట్టు చెదిరిన నా సువర్ణ. సైదులు నన్ను చూసి చెయ్యెత్తాడు. నేను కళ్లు మూసుకున్నాను.

"సైదులూ! సప్పుడు సెయ్యకు. పిల్ల లేస్తది" అంది అవ్వ.

ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగింది. మీరు ఎన్నో తిట్లు విని ఉంటారు. కానీ తాటిచెట్టంత మనిషి, చంటిపిల్ల లేస్తుందన్న భయంతో, చెవి దగ్గర గుసగుసగా తిడితే ఎలా ఉంటుందో మీకు తెలియదు. ప్రేమలేఖ చదివినట్టు తిట్టాడు.

"నీకు కండ్లు లేవా సారూ?" గుసగుస. "కారెక్కి కూసొని ఎనకకు తిరిగితే మా అమ్మకు బదులు అక్క ఉంది. నా గుండె ఆగినంత పనైంది. పోలీసులకు పోన్ చేస్తనంటే అక్కనే ఆపింది."

"ఏమని ఆపింది?" నేనూ గుసగుసగానే.

సువర్ణ ముందుకొచ్చింది. "దొంగ కాదు తమ్మీ, చరిత్ర లెక్చరర్ అని చెప్పిన. గట్లాంటోళ్లకు ఎదుట ఉన్నది కనబడదని చెప్పిన. కోదాడ దిక్కే పోయి ఉంటడు, నడువ్ అన్న."

"ఇంకో మాట సారూ," సైదులు ముఖం తుడుచుకున్నాడు. "నీ కారు తోలిన గద. కారా అది? ఏసీల నుంచి పొయ్యి ఎగదోసినట్టు గాలొస్తది. తలుపు నా చెవిల పంచాయితి పెట్టింది. నాదీ గదే కంపెనీ. దానికి టైముకు సర్వీసింగు చేపిస్తే ఎంత మంచిగుంటదో నువ్వే సూసినవ్ గద? కంపెనీ చరిత్ర చదివిన మనిషివి, కారుతోటి ఇచ్చిన పుస్తకం చదువలేదా?"

ఇన్నాళ్లూ ఆ కారు పడిన కష్టానికి కారణం జపాన్ కాదు, మిర్యాలగూడ కాదు, నేనే.

సైదులు తల్లి చేతుల్లోని పిల్లను వంగి చూశాడు. కోపం కరిగిపోయింది. "పోనీలే. నీళ్ల బాటిల్ కోసం నేను దాబాల లైన్ల నిలబడ్డ. నీతోటి వచ్చింది కాబట్టే మా అమ్మ టైముకు అందింది" అని నా భుజం మీద చెయ్యి వేశాడు. కాసేపటి క్రితం గాలిలో ఆగిన చెయ్యే అది. ఇప్పటికీ ఆ కుటుంబంలో ఏ శుభకార్యమైనా మాకు పిలుపు వస్తుంది.

కథ ఇక్కడితో అయిపోతే నేను బాగుపడేవాణ్ణి. అవ్వ ఊరుకోలేదు. సువర్ణను పక్కన కూర్చోబెట్టుకుంది.

"బిడ్డా, నీ మొగడు తొవ్వంత నీ ముచ్చటే చెప్పిండు. ముందుగాల ఏందో మగ్గాల కథ చెప్పిండు గని, అది నాకు పట్టలే. నువ్వు మిషను తొక్కి ఇల్లు నడిపిన ముచ్చట చెప్తుంటే మాత్రం ఏడుపొచ్చింది. నీకెన్నడన్న చెప్పిండా?"

సువర్ణ నా వైపు చూసింది. "లేదవ్వా. నాకు మగ్గాల కథే చెప్పిండు."

"ఏమయ్యా, గా మాటలు నాకెందుకు? ఆమెకు చెప్పు. గీడనే చెప్పు" అంది అవ్వ.

తప్పించుకునే దారి లేదు. వరండాలో సైదులు, అతని భార్య, నర్సు, అటూ ఇటూ పోయే ఎవరెవరో చూస్తుండగా, సైదులు తిట్టిన ఆ గుసగుస గొంతుతోనే, కారులో అన్న మాటలన్నీ మళ్లీ అన్నాను. గుండీలతో సహా. సువర్ణ తల వంచుకుని విన్నది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పక్కనున్న నర్సు కూడా ఒత్తుకుంది. చివరికి మా ఆవిడ తలెత్తి అంది:

"ఇగ మీదట నాకేమన్న మంచి మాట చెప్పాల్నంటే, ముందుగాల వెనకకు తిరిగి నేనే ఉన్ననో లేదో సూసుకో!"

పిల్ల లేచింది. అంత గట్టిగా నవ్వారు అందరూ.

కాబట్టి, నవ్విన వారందరి సాక్షిగా, సర్వ జపాన్ కంపెనీల సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. నా ఆయుష్షు ఉన్నంతవరకు ఏ మనిషినీ వీపు చూపించి పొగడను. ఎదురుగా నిలబడి, ముఖం చూసి, పేరు అడిగి, అవసరమైతే ఆధార్ కార్డు కూడా పరిశీలించి, ఆ తర్వాతే నా కృతజ్ఞతలు తెలుపుకుంటాను.