దిష్టి మిరపకాయలు

కింది వాటాలోని పసివాణ్ణి కాసేపు ఎత్తుకుని, వాళ్ళమ్మకిచ్చేసి మేడెక్కాను. తాళం తీస్తుంటే కిందనుంచి వాళ్ళ నాయనమ్మ గొంతు వినిపించింది: "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి..."

నా ఐదో ఏట మా నాయనమ్మా అంతే. పిల్లల్లేని మా పెద్దమ్మ మిరపకోత నుంచి వచ్చి, చేతుల మంట నాకు అంటకుండా నూనె రాసి కడుక్కుని మరీ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకునేది. ఆవిడ వెళ్ళగానే నాయనమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసేది. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టట. బాగా ముద్దు చేసేవాళ్ళ దిష్టే తగులుతుందనుకునేదాన్ని నేను.

ఒకరోజు పెద్దమ్మ ఒళ్ళో కూర్చుని గొప్పగా చెప్పాను. "నిన్న నువ్వెళ్ళాక నాయనమ్మ దిష్టి తీసింది. అసలు ఘాటే రాలేదు. అందరికన్నా నీ దిష్టే పెద్దదంట పెద్దమ్మా."

"అట్టాగా తల్లీ," అని నన్ను మెల్లగా కిందికి దించింది. తర్వాత ఎప్పుడొచ్చినా గుమ్మం దగ్గరే నిలబడి పలకరించి వెళ్ళేది. నామీద కోపమొచ్చిందనుకున్నాను.

పెళ్ళయి పన్నెండేళ్ళయింది. నాకూ పిల్లల్లేరు. కింద మిరపకాయలు చిటపటమన్నాయి. తాళంచెవి పట్టుకుని అక్కడే నిలబడి ఘాటు కోసం ఎదురుచూశాను.

కాసేపటికి దగ్గొచ్చింది. ప్రాణం కుదుటపడింది.