కారుకు రిమోటు పెట్టించిన రోజు

ఈ రోజు కర్నూలులో మా పాత కారుకు సెంట్రల్ లాకు పెట్టించాను. చేతికి చిన్న రిమోటు ఇచ్చారు. నొక్కితే నాలుగు తలుపుల లాకులూ ఒకేసారి తెరుచుకుంటాయి.

ఇన్నేళ్లూ మా ఆవిడ వైపు తలుపు లాకు బయటి నుంచి తెరుచుకునేది కాదు. నేను ముందు ఎక్కి, పక్కకు వంగి లోపలి నుంచి తీస్తేనే ఆమె కూర్చునేది. ఆ తిప్పలు తప్పాయని సంబరపడుతూ, ఆమెను తీసుకురావడానికి వాళ్ల చెల్లెలింటికి వెళ్లాను. ఆమె కారు దగ్గరికి రాగానే దూరం నుంచే రిమోటు నొక్కాను. కారు కుయ్యిమంది. ఆమె మాత్రం కదల్లేదు.

"లాకు తీసినా లే, ఎక్కు."

"నువ్వు యాడ తీసినావు? అది తీసింది. ఇంక నాతో నీకేం పని!"

నవ్వుతూనే అంది గానీ ముఖం చిన్నబోయింది. చుట్టూ తిరిగి వెళ్లి, తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాను. మరదలు, పక్కింటివాళ్లు చూస్తుంటే నా చెవులు వేడెక్కాయి. ఆమె తీరిగ్గా కొంగు సర్దుకుని కూర్చుంది.

"ఇట్ల నిలబడి తీస్తావని తెలిసింటే, దీన్ని ఎప్పుడో పెట్టిస్తాంటి గదయ్యా!"

ఇకమీదట రోజూ అలాగే తీయాలట. రిమోటు ఉన్న మగవాళ్లు చెప్పండి, మీ ఇళ్లలోనూ ఇంతేనా?