మంచు కింద నలభై జతలు

ఆ రోజుల్లో నాకు "కాదు" అనే మాట నోటికి వచ్చేది కాదు. ఇప్పుడూ పెద్దగా రాదనుకోండి, కాకపోతే అప్పుడు దాన్ని మర్యాద అనుకునేవాణ్ణి, ఇప్పుడు నీరసం అంటున్నాను. అమెరికాలో చదువు ముగించి, న్యూజెర్సీలో ఇళ్ళ కప్పుల మీద సోలార్ ప్యానెళ్ళు బిగించే ఒక చిన్న కంపెనీలో డిజైన్ ఇంజనీరుగా చేరాను. (డిజైన్ ఇంజనీరంటే పొద్దున కంప్యూటర్ ముందు బొమ్మలు గీసి, మధ్యాహ్నం నిచ్చెన పట్టుకుని నిలబడేవాడని చేరాక తెలిసింది.) జెర్సీ సిటీలో నలుగురం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. చదువయ్యాక పని చేసుకోనిచ్చే నా గడువు వేసవితో సరి. ఈలోగా మా బాస్ హెచ్-వన్ వీసాకి కాగితాలు పెట్టకపోతే పెట్టె సర్దుకోవలసిందే. ఆయన ఆరడుగుల పైచిలుకు అమెరికన్ ముసలాయన, మోకాళ్ళు అరిగేదాకా కప్పులెక్కినవాడు. కాగితాల మాటెత్తితే "చూద్దాం" అనేవాడు. మూడు నెలలుగా చూస్తూనే ఉన్నాడు.

అలాంటి సమయంలో దొరికారు మా డాక్టరంకుల్. మా కంపెనీకి మొట్టమొదటి తెలుగు కస్టమర్. వారి ఇల్లు దక్షిణముఖం. ఎండ కోసం ప్యానెళ్ళు దక్షిణం వైపే పెట్టాలి కనుక, అవి సరిగ్గా వీధి గుమ్మం పైనే వచ్చాయి. ప్యానెళ్ళ అద్దం నున్నగా ఉంటుంది, దాని మీద పడ్డ మంచు ఒక్కసారిగా జారి కింద పడుతుంది. అలా పడకుండా దిగువన వరసగా ఇనుప కొక్కేల్లాంటివి బిగిస్తారు, స్నో గార్డులంటారు. నా డ్రాయింగ్‌లో బుద్ధిగా అవన్నీ పెట్టాను. తీసుకెళ్ళి చూపిస్తే అంకుల్ భార్య, మా ఆంటీ, కళ్ళద్దాలు సవరించుకుని చూశారు.

"ఇవేంటి బాబూ, గుమ్మం మీద కోరల్లాగా? వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు? రిమూవ్ చేసెయ్ నాన్నా, నీట్‌గా ఉంటుంది."

అంటూనే నా కంచంలో గుత్తివంకాయ వడ్డించారు. ఇంటి వంకాయ తిని ఏడు నెలలైన మనిషి ఏమంటాడు? "అలాగే ఆంటీ" అన్నాను. గోదావరి జిల్లాలో పుట్టినవాణ్ణి, మంచు అంటే కరిగేదే కానీ పడి దెబ్బ తగిలించేదని నా బుర్రకి ఎక్కలేదు. ఆ రాత్రే డ్రాయింగ్‌లోంచి కోరలన్నీ పీకేశాను. బాస్ ఆ వారం పని ఒత్తిడిలో చూడకుండానే సంతకం పెట్టేశాడు.

ఫిబ్రవరిలో, ప్యానెళ్ళు కరెంటివ్వడం మొదలుపెట్టిన సందర్భంగా, డాక్టరంకుల్ సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. నన్నూ, బాస్‌నీ కూడా పిలిచారు. అంతకు ముందు రెండు రోజులు ఆగకుండా మంచు కురిసింది, ఆదివారం మాత్రం ఎండ ఫెళ్ళుమని కాసింది. వచ్చినవాళ్ళంతా చెప్పులూ బూట్లూ వీధి గుమ్మం ముందు విప్పి, వరసగా పెట్టి లోపలికి వెళ్ళారు. బాస్ కూడా, మోకాలు పట్టుకుని మూలుగుతూ, తన పని బూట్లు విప్పి ఆ వరసలోనే పెట్టాడు. పూజకి ముందు అంకుల్ నన్ను నలుగురి మధ్యా నిలబెట్టి, "ఆ స్నో అంతా ఎలా పోతుందో మనవాళ్ళకి ఎక్స్‌ప్లెయిన్ చెయ్యి" అన్నారు. "నెమ్మదిగా కరిగి చుక్కచుక్కగా కారిపోతుందంకుల్" అన్నాను, ప్రొఫెసర్‌లాగా.

మూడో అధ్యాయం ముగిసి కొబ్బరికాయ కొట్టారు. అప్పుడు మొదలైంది పైన. ముందు సన్నగా ఏదో గీరుకున్న చప్పుడు, ఆ తరువాత ఇంటి మీదుగా గూడ్సు బండి పోయినట్టు ఒకటే మోత. ముందు కిటికీ ఒక్క క్షణం చీకటైంది. దబ్బుమని ఏదో పడి, గోడ మీది ఫొటోలు కదిలాయి. నేను గబుక్కున లేవబోయాను.

"కూర్చోండి, కూర్చోండి. కథ మధ్యలో లేవకూడదు" అన్నారు పంతులుగారు.

కూర్చున్నాను. ఇంకా రెండు అధ్యాయాలున్నాయి. బాస్ బాసింపట్టు వేయలేక కాళ్ళు ఎటు పెట్టాలో తెలియని అవస్థలో ఉండి కూడా నా వైపు ఒంగి, "గార్డులేవి?" అని గొణిగాడు. ఆంటీ పీట మీద నుంచే కళ్ళతో ఆయన్ని గదిమారు. ఆయన గబగబా చేతులు జోడించాడు. నాకు మాత్రం కథ ఒక్క ముక్క వినపడలేదు. హాల్లో తలలు లెక్కపెట్టాను, మళ్ళీ లెక్కపెట్టాను. లోపలున్నవాళ్ళు సరే, ఆలస్యంగా వచ్చినవాళ్ళెవరైనా ఆ క్షణాన గుమ్మంలో నిలబడి బూట్లు విప్పుకుంటూ ఉంటే? నా జన్మలో అంత భయం మళ్ళీ పడలేదు. ఉద్యోగం, వీసా అన్నీ మరిచిపోయి, ఆ సత్యదేవుడికి ఎన్ని మొక్కులు మొక్కానో నాకే తెలియదు.

హారతి కళ్ళకద్దుకోకుండానే పరుగెత్తి తలుపు తీశాను. నడుము ఎత్తున మంచు గుట్ట. మేజోళ్ళతోనే అందులోకి దూకి చేతులతో తవ్వాను. మనుషులెవరూ లేరు. ఉన్నవి నలభై జతల చెప్పులు మాత్రమే.

గరాజ్‌లోంచి పార తెచ్చుకుంటే ఆంటీ, "పారతో వద్దు నాన్నా, లెదర్ పాడవుతుంది" అన్నారు. వంటింట్లోంచి ఓవెన్ గ్లవుజులు తెచ్చి నా చేతులకి తొడిగారు. అతిథులంతా పులిహోర ప్లేట్లతో గుమ్మంలో నిలబడి దారి చూపించారు. "కొంచెం లెఫ్ట్‌కి బాబూ, బ్రౌన్ కలర్" అని ఒక పెద్దాయన గంటసేపు చెప్పారు. (అన్నీ బ్రౌన్ కలరే.) సాయంత్రానికి అందరి చెప్పులూ దొరికాయి. అన్నిటికన్నా ఆఖర్న బాస్ బూట్లు దొరికాయి, ఒకదాంట్లో నీళ్ళు, ఇంకోదాంట్లో మంచుగడ్డ.

తిరుగు ప్రయాణంలో ట్రక్కులో హీటర్ దగ్గర కాళ్ళు పెట్టుకుని ఆయన అడిగాడు, గార్డులు ఎవరు తీసేశారని. ఆంటీ పేరు చెబితే నా మెడ మీద కత్తి తప్పేది. వడ్డించిన చెయ్యి గుర్తొచ్చి, "నేనే, మరిచిపోయాను" అన్నాను. ఆయన హీటర్ ఇంకాస్త పెంచాడు. నేను మనసులోనే పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాను.

మర్నాడు ఆయన ఒక్కడే, గార్డులు పెట్టి తీరాలని గట్టిగా చెప్పి వస్తానని డాక్టరంకుల్ ఇంటికి వెళ్ళాడు. మూడు గంటల తరువాత చేతిలో పులిహోర డబ్బాతో తిరిగొచ్చి నా టేబుల్ ముందు కూలబడ్డాడు.

"ఇటుక రంగువైతే పెట్టుకోమంది ఆవిడ. గుమ్మానికి సరిగ్గా పైన మాత్రం వద్దంది."

"మీరేమన్నారు?"

"సరే అన్నాను" అన్నాడు నేల చూపులు చూస్తూ.

శనివారం ఆంటీ గుడికి వెళ్ళిన సమయం చూసుకుని మేమిద్దరం దొంగల్లా కప్పెక్కి, గుమ్మం పైన కూడా బిగించి వచ్చేశాం. దిగాక ఆయన ట్రక్కులోంచి ఒక కవరు తీసి, బానెట్ మీద పరిచి, నా వీసా కాగితాల మీద ఒక్కొక్కటే సంతకాలు పెట్టాడు. ఎందుకు మనసు మారిందని అడిగితే, "ఆవిడ ఇంటికి ఇంకోసారి నేనొక్కణ్ణే వెళ్ళలేను" అన్నాడు.

అలా ఈ దేశంలో నిలబడ్డాను. ఆ తరువాత ఎన్ని కప్పులెక్కానో, ఎంతమందికి "అలాగే" అన్నానో లెక్కలేదు. ఇప్పుడు నా మోకాళ్ళూ ఆయన మోకాళ్ళలాగే మూలుగుతున్నాయి. ఆ పూట "కాదాంటీ" అని ఒక్క మాట అనగలిగిన కుర్రాణ్ణయి ఉంటే ఈ అలుపులో సగం ఉండేది కాదేమో అనిపిస్తుంది. అలాంటి నన్ను ఊహించుకుంటే నవ్వొస్తుంది, వాడి మీద కాస్త అసూయ కూడా కలుగుతుంది. కానీ వాడికి ఆంటీ రెండోసారి వంకాయ వడ్డించి ఉండేవారు కాదు.