ఖాళీ గిన్నె, క్రిప్టో నాణెం

ఒక పండగ పూట, హిందీ మాట్లాడే ఊళ్ళో మా పేట భుయ్యాడీహ్‌లో, మా తెలుగువాళ్ళందరినీ ఉడికిన అన్నం ముందు ఆకలితో నిలబెట్టిన ఘనుణ్ణి నేనే. ఏ పాపమూ చేయలేదు. మర్యాదస్తుల చేతికి ఉచితంగా ఒక క్రిప్టో నాణెం ఇచ్చాను, అంతే.

అప్పుడు నేను ఇంజినీరింగ్ మూడో ఏడు. అంటే లోకంలో నాకు తెలియంది లేదన్నమాట. మా సంఘానికి నాన్న కార్యదర్శి. అమ్మవారి పండగ భోజనాలకు కాగితం కూపన్లు ఎందుకని, ఫోన్లో పంపుకునే 'బువ్వనాణెం' తయారుచేశాను. ఇంటికి పది ఇచ్చాను; భోజనానికి ఒకటి చొప్పున కూపన్‌గా సంఘానికి పంపాలి. పంపినప్పుడల్లా కొంత రుసుము పెట్టకపోతే చెత్త లావాదేవీలు దారి మూసేస్తాయని చదివాను. చదివి, "మనవాళ్ళ దగ్గర రుసుమా!" అని సున్నా పెట్టాను.

పండగనాడు పన్నెండింటికి దారి మూసుకుపోయింది.

"ఏట్రా ఇది? బువ్వ సల్లారిపోతంది. కూపనొక్కటీ రాలేదంట!" అన్నాడు నాన్న. ఆయన పరువంతా నా లాప్‌టాప్‌లో ఇరుక్కుంది.

"దో మినట్, నాన్నా!"

"నీ రెండు నిమిషాలూ గంట నుంచీ అవతన్నాయి!"

చూస్తే, కూపన్ల ముందు వేలకొద్దీ ఒంటి నాణేల లావాదేవీలు బారులు తీరి ఉన్నాయి. ఎవడో శత్రువు దాడి చేశాడనుకున్నాను. శత్రువు పేరు సింహాచలం పిన్ని, మా పక్కిల్లు.

"పిన్నీ, నాణేలు ఏటలా పంపేత్తన్నావు?"

"నేనేటి సేసినాను బాబూ? పండగ కదాని నీలవేణికి దీవెనగా ఒకటి పంపినాను. అది తిరిగి ఒకటి పంపింది. ఉంచేసుకుంటామేటి? కాళీ గిన్నె తిరిగి ఇయ్యకూడదు గదా! మళ్ళీ పంపినాను."

"మరెప్పుడు ఆపుతావు?"

"ముందు అదాపాలి!"

నీలవేణత్తదీ అదే మాట. ప్రతి ఇంటిదీ అదే మాట. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, మా పేటలో వద్దన్నా పెడతారండీ.

ఇక మొహమాటం చంపుకుని రుసుము పెట్టాను. పావు నాణెం కట్టిన లావాదేవీ ముందు, ఉత్తది వెనక. కూపన్లు రుసుముతో మళ్ళీ పంపమన్నాను. నిమిషంలో టకటకా వచ్చేశాయి. విస్తట్లో మొదటి గరిటె పప్పు పడ్డాక నా ప్రాణం లేచొచ్చింది. నాన్న తిట్టలేదు, కూర్చుని తినమన్నాడు. హమ్మయ్య!

రుసుము అనగానే దీవెనలు ఆగిపోయాయి.

"పంపితే కట్టాలా? అయితే సేత్తోనే ఇత్తాం" అంది పిన్ని.

ఇచ్చారు. పండగ నిలబెట్టిన పిల్లాడినని సాయంత్రానికి మా ఇంటికి పదిహేడు గిన్నెల పులిహోర, పాయసం వచ్చాయి. తిన్నంత తిన్నాం. అమ్మ గిన్నెలన్నీ కడిగి నా ముందు బోర్లించింది.

"కాళీగా ఎలా ఇత్తావో సూత్తాను."

లడ్డూల కోసం గోల్‌మురి బజారుకు సైకిల్ తొక్కుతూ, ఆ పదిహేడు గిన్నెల సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో మావాళ్ళకు ఏదీ ఉచితంగా ఇవ్వను. ఇస్తే, తిరిగి ఇచ్చేస్తారు.