మూడు గౌన్లు చాలన్నాను

పెట్టె సర్దడంలో నన్ను మించినది మా రైల్వే క్వార్టర్ల వరసలోనే లేదని నాకు మహా గీర. రెండు గదుల ఇంట్లో అత్తగారితో, ముగ్గురు పిల్లలతో కాపురం చేసేదానికి గర్వపడడానికి ఇంకేముంటుంది? ఇరుగుపొరుగులో ఎవరైనా ఊరెళ్తుంటే నన్ను పిలిచేవారు. వాళ్ళు కట్టుకున్న నాలుగు మూటలూ విప్పి, ఒక రేకు పెట్టెలోకి, పక్కబట్టలు చుట్టే ఒక హోల్డాలులోకి దింపి, చీర దులుపుకుని వచ్చేదాన్ని. పాత నూలు చీర ఒకటుంటే చాలు, అదే రైల్లో ఉయ్యాల, అదే తెర, అదే దుప్పటి అని అందరికీ పాఠాలు చెప్పేదాన్ని. ఇలాంటి తెలివితేటలకి నాకేం తక్కువ లేదు. అసలు ఉండవలసిన తెలివి మాత్రం లేకపోయింది.

ఎందుకంటే, ఆ వేసవిలో మేం ఖరగ్‌పూర్ నుంచి పలాస వెళ్ళినప్పుడు మా చిన్నదాన్ని మా వదినకి ఇచ్చేసి రావాలన్న సంగతి నాకు తప్ప ఇంట్లో పెద్దవాళ్ళందరికీ తెలుసు. వదినంటే మా ఆయన అక్కగారు. పెళ్ళయి పదిహేనేళ్ళయినా ఆవిడకి పిల్లల్లేరు. మా చిన్నదానికి అప్పటికి రెండేళ్ళు నిండి మూడు నెలలు.

పది రోజుల ప్రయాణమని మా ఆయన చెప్పాడు. నాకేమో అయిదో నెల. చంకలో చిన్నది, చెరో పక్కా ఇద్దరు మగపిల్లలు. అంచేత పెట్టె ఒకటి, హోల్డాలు ఒకటి, నీళ్ళ కూజా ఒకటి, నాలుగోది కనబడకూడదని ముందే చెప్పేశాను. సర్దడం మొదలుపెట్టానో లేదో, నేనొకటి పెడితే చిన్నది రెండు తీసి పారెయ్యడం. ఆఖరికి తనే పెట్టెలోకి దిగి కూచుని "కూ" అంటూ రైలు నడపడం మొదలెట్టింది. లేపబోతే చెయ్యి కొరికింది. అబ్బో, ఎంత పెంకి ఘటమో!

అప్పుడు మా అత్తగారు ఎర్ర స్వెట్టరు పట్టుకుని వచ్చింది. పక్క క్వార్టరు బెంగాలీ దీదీ పిల్లకని అల్లి ఇచ్చినది.

"ఇది కూడా ఎట్టే పిల్లా."

"వైశాఖంలో స్వెట్టరేటత్తా? చూసినోళ్ళు నవ్విపోరా?"

"సలికాలం రాదేటి?"

"వస్తాది. వచ్చేసరికి మనం మనింట్లో ఉంటాం."

ఆవిడ స్వెట్టరు పెట్టెలో పెట్టేసి లోపలికెళ్ళింది. కాసేపాగి పిల్ల వెండి గిన్నె తెచ్చింది. తర్వాత గోల్‌బజారులో కుట్టించిన పరికిణీ తెచ్చింది. తర్వాత పిల్ల పడుకునే బొంత తెచ్చింది. తెచ్చినవన్నీ ఆవిడ పెడుతుంటే నేను తీసేశాను. ఆ బొంత అంచు నోట్లో పెట్టుకుంటే గాని చిన్నదానికి నిద్ర పట్టదని నాకు తెలీదా? తెలుసు. అయినా తీసేశాను. నా కొంగు ఉండగా దానికి బొంతెందుకు అనుకున్నాను. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకునేది ఆ బొంత గురించే.

"మూడు గౌన్లు చాలు. ఉతికి ఆరేస్తాను. అక్కడ నూతిలో నీళ్ళు లేవేటి?" అన్నాను.

"కన్నతల్లివి, నీకు సేతులెలా వొస్తన్నాయే?" అంది అత్తగారు.

గౌన్ల కోసం ఇంత మాట అంటుందా అని ఒళ్ళు మండిపోయింది. "మొయ్యాల్సింది మీరా, నేనా?" అని గట్టిగానే అడిగాను. ఆవిడ కొడుకు వైపు చూసింది. ఆయన హోల్డాలు పట్టీ బిగిస్తూ, తలెత్తకుండా, "దాని ఇష్టమేనమ్మా, వదిలీ" అన్నాడు. నేను గెలిచాను. ఛీ, ఏం గెలుపది! నాకంతా తెలిసే కూతురికి మూడు గౌన్లిచ్చి సాగనంపుతున్నానని ఆవిడ అనుకుందట. చాలా రోజుల తర్వాత చెప్పింది.

మర్నాడు తెల్లవారి రిక్షా ఎక్కబోతుంటే అత్తగారు చిన్నదాన్ని పట్టుకుని ఒకటే ఏడుపు. రిక్షా కదిలాక, "పది రోజులకే ఇన్ని శోకాలా? మీ అమ్మకి అన్నిటికీ ఏడుపే" అని కూడా అన్నాను. మా ఆయన రిక్షావాణ్ణి తొందరపెట్టాడు. పెద్దాడు మాత్రం వెనక్కి తిరిగి, వీధి మలుపు దాకా నానమ్మకి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

పలాసలో వదినా వాళ్ళకి జీడిపప్పు వ్యాపారం. ఇంటి నిండా కాల్చిన గింజల వాసన. మేం వెళ్ళేసరికి నడిగదిలో ఒక చిన్న మంచం కొత్తగా చేయించి ఉంది. దానికి చుట్టూ కటకటాలు, మీద పూల దుప్పటి. గోడవారన చెక్క గుర్రబ్బండి. తీగ మీద ఆరు కొత్త గౌన్లు. నా పెట్టె తెరిచి, పిల్లవి మూడే గౌన్లు చూసి వదిన మొహం విప్పారింది. "మంచి పని చేసినావు, పాతవి మొయ్యకుండా వచ్చినావు" అంది. నా సర్దుడు చూసి మెచ్చుకుందనుకుని పొంగిపోయాను. ఇంత బడుద్ధాయిని ఎక్కడైనా చూశారా?

నాలుగో రోజు పెరట్లో బట్టలు ఆరేస్తుంటే మా ఆయన వచ్చి నూతి గట్టు మీద కూచున్నాడు.

"ఎల్లుండి ఎల్లిపోదాం" అన్నాడు.

"పది రోజులన్నారు కదా?"

"ఎక్కువుంటే ఎక్కువ కష్టం. చంటిది నిన్ను వదలదు."

"నన్నెందుకు వదలాలి?"

ఆయన చిన్నగా, "అక్కకి ఇస్తానన్నావు గదే" అన్నాడు.

చేతిలో తడి చీర జారిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది. అంతకు ముందు దసరాకి వదిన ఖరగ్‌పూర్ వచ్చినప్పుడు చిన్నది చారు గిన్నె తన్నేసింది. కాలిన కాలుతో గెంతుతూ, "ఎత్తుకుపొండి వదినా, ఈ రాకాసిని మీకే ఇచ్చీసినాను, నా ప్రాణం తెరిపిన పడతాది" అన్నాను. అనని తల్లి ఎవరు? మా వరసలో ప్రతి ఇంట్లోనూ రోజుకి నాలుగుసార్లు వినబడే మాటే అది. పాలు పోసే అతనికి, గాజులమ్మే ఆవిడకి, పోస్టు బంట్రోతుకి, అందరికీ మా పిల్లల్ని ఇచ్చేసినవాళ్ళమే. అందరూ నవ్వి పోయేవారు. వదిన నవ్వలేదు. పిల్లని ఎత్తుకుని, కొంగుతో దాని కాళ్ళు తుడిచి, "నిజంగానేనా?" అంది. నేను కాలికి పసుపు రాసుకుంటూ "నిజంగానే" అన్నాను.

"అది మాటవరసకన్నానండీ!" అని అరిచాను.

"నాకు తెలుసు. అక్కకి తెలీదు. ఆర్నెల్లబట్టి పక్కేసి ఉంచింది."

"మరి మీరేనా చెప్పాలి కదా?"

"ఎలా సెప్పనే? అమ్మ పురుళ్ళలో పడుంటే నన్ను చంకనేసుకుని తిరిగిన మనిషి. దాని మొహం చూసి కాదని ఎలాగంటాను?"

"నాకైనా చెప్పాలి కదా?"

"చెప్తే నువ్వు బయల్దేరుదువేటి?"

ఆ మాట అన్నందుకు ఆయన్ని ఆ రోజు చంపెయ్యాలన్నంత కోపం వచ్చింది. ఇన్నేళ్ళయినా ఆ కోపం పూర్తిగా పోలేదు.

మధ్యాహ్నం అందరూ పడుకున్నాక చిన్నదాన్ని చంకనేసుకుని స్టేషన్‌కి నడిచాను. పెట్టె లేదు, చేతిలో పైసా లేదు. ఎండకి ప్లాట్‌ఫారం మాడిపోతోంది. పిల్ల నా భుజం మీదే నిద్రపోయింది. ఖరగ్‌పూర్ వైపు వెళ్ళే పాసింజరు వచ్చి ఆగింది. తలుపు ఎదురుగానే ఉంది. నిలబడ్డాను, ఎక్కలేకపోయాను. ఎక్కితే మాత్రం ఎక్కడ దిగాలి? మళ్ళీ ఆయన క్వార్టర్లోనే కదా. మగపిల్లలిద్దరూ ఆ ఇంట్లో నిద్రపోతున్నారు, కడుపులో ఇంకొకరు ఉన్నారు. నాకు అమ్మానాన్నలు లేరు, అన్నదమ్ములు లేరు. ఈ పిల్ల నాది, ఇవ్వను అని గట్టిగా చెప్పుకోవడానికి నాకంటూ ఒక గుమ్మం లేదు. పాసింజరు కదిలి వెళ్ళిపోయింది. కాసేపటికి మా ఆయన వచ్చి పక్కన నిలబడి, "పద" అన్నాడు. వెనకే నడిచాను.

ఇంటికెళ్ళాక వదిన నన్ను ఒక్క మాటా అడగలేదు. పిల్లని అందుకుని, ఎండకి కమిలిన కాళ్ళకి వెన్న రాసింది. ఆవిడ చెడ్డదైతే ఎంత బాగుండేదో. తిట్టి, జుట్టు పట్టుకునైనా లాక్కునేదాన్ని.

బయల్దేరే పొద్దున నా పాత నూలు చీర మడిచి పిల్ల మంచం మీద పెట్టాను. "ఇది పట్టుకుంటే పడుకుంటాది వదినా" అన్నాను.

ఆవిడ చీర తీసి నా చేతిలో పెట్టేసింది. ఆవిడ కళ్ళలోనూ నీళ్ళున్నాయి. "వద్దమ్మా. నీ వాసన తగుల్తా ఉంటే నిన్నెలా మర్చిపోతాది?" అంది.

తప్పేం చెప్పింది? మర్చిపోవాలనే కదా అక్కడ వదుల్తున్నది. చీర పెట్టెలో వేసుకున్నాను. చిన్నది గుర్రబ్బండి లాక్కుంటూ పెరట్లోకి పోయిన సమయం చూసి మమ్మల్ని వీధి గుమ్మంలోంచి పంపించేశారు. సందు చివరికి వచ్చాక దాని ఏడుపు వినబడింది. అది నా కోసమో, బండి బోల్తా పడినందుకో నాకు తెలీదు. ఎవరినీ అడగలేదు.

రైల్లో మగపిల్లలు చెల్లి ఏదని అడిగి అడిగి, చివరికి ఆటలో పడ్డారు. బాలేశ్వర్ దాటాక టిక్కెట్ కలెక్టరు వచ్చాడు. నెరిసిన జుట్టు బెంగాలీ పెద్దమనిషి. మా ఆయన రైల్వే పాసు అందించాడు. అప్పట్లో మూడేళ్ళు నిండని పిల్లకి రైల్లో టిక్కెట్టు అక్కర్లేదు, మా పాసులో దాని ఊసే లేదు. కలెక్టరు పాసు చదివి, పెన్సిలుతో ఒక్కొక్కరినీ చూపిస్తూ లెక్కపెట్టాడు: భర్త, భార్య, ఇద్దరు మగపిల్లలు.

"ఠీక్ హై" అన్నాడు.

"లేదు దాదా" అన్నాను నా వచ్చీరాని బెంగాలీలో. "ఒకరు తక్కువున్నారు."

ఆయన కళ్ళజోడు సవరించుకుని పాసు మళ్ళీ చదివాడు. మళ్ళీ మమ్మల్ని మొదటి నుంచి లెక్కపెట్టాడు. మా ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు.

"లేదు దీదీ, నలుగురే. అందరూ ఉన్నారు" అని నెమ్మదిగా చెప్పి, పాసు మడిచి నా చేతిలో పెట్టి, ఆయన పక్క వరసలోకి వెళ్ళిపోయాడు.