పూత నిలవని లస్మయ్య మిరపచెట్టు

లస్మయ్య ఎవరినీ నమ్మడు. సబ్బు మీద గోరుతో గీత పెట్టుకుని పనిలోకి పోయే మనిషి. సూరత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపీ నడిపీ తల నెరిసింది, వాటి మోతకు ఒక చెవి పోయింది, అనుమానం మాత్రం చెక్కుచెదరలేదు.

సూరత్‌లోనే నవాగామ్‌లో మేం అద్దెకుండే ఇంటి పై గది అతనిది. సగమే అతనిది అనాలి. అతనిది రాత్రి డ్యూటీ, మిగతా సగం పంచుకునే కుర్రాడు సదానందానిది పగటి డ్యూటీ. ఒకరు లేచిన పరుపు మీద ఇంకొకరు పడుకుంటారు. సెలవు రోజు తప్ప వాళ్ళు కలిసేది మెట్ల మీదే. ఇద్దరికీ అన్నం వండేది నేను.

ఇక్కడ దొరికే మిరపకాయలో కారం ఉండదు. అందుకని భార్య ఊర్మిళ ఊరి నుంచి పంపిన ఎండుమిరపకాయల గింజలు తీసి, పాత రంగు డబ్బాలో మట్టి పోసి నాటాడు లస్మయ్య. మెట్ల పైన ఎండ బాగా తగిలే చోట పెట్టాడు. మొక్క మోకాలెత్తు లేచి తెల్లగా పూసింది. పూసిన పూత పూసినట్టే రాలింది. ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. మళ్ళీ పూసింది, మళ్ళీ రాలింది.

"అక్కా, ఎవడో నా చెట్టును ఖరాబ్ చేస్తుండు," అన్నాడు ఒకరోజు, నా ముందు కంచంలో అన్నం అలాగే పెట్టుకుని.

"ఎవడంటవ్?"

"ఇంకెవడు, నా పరుపు మీద పండెటోడే! చెట్టును ముట్టకురా అన్న కాన్నుంచి మొఖం మాడ్చుకున్నడు. సబ్బు నీళ్లో, సాంచ నూనెనో పోస్తుండు."

నాకూ అనుమానంగానే ఉంది. సదానందం నా పప్పును ఒక్కరోజు కూడా బాగుందనలేదు. అలాంటివాడు ఏమైనా చేస్తాడు.

"సెలవు దినం వాణ్ని ఎల్లగొడుత. వాని జాగల ఉండ పెట్టె పట్టుకొని రమ్మని మా సాంచల కాడి ఆగయ్యకు చెప్పిన," అన్నాడు లస్మయ్య.

పాపం సదానందానికి ఈ సంగతి తెలియదు. ఈ గది పోతే పాండేసరలో ఎక్కడో కిక్కిరిసిన గదిలో మూలకు ముడుచుకోవాలి. నేను చెప్పలేదు. ముందు దొంగ దొరకనీ అనుకున్నాను.

సెలవు రోజు లస్మయ్య తలుపు ఓరగా వేసి నిద్ర నటించాడు. నేను కింద బియ్యం చెరుగుతూ ఒక కన్ను పైనే ఉంచాను. ఎండ వాలగానే సదానందం చెంబు పట్టుకుని డబ్బా దగ్గర కూర్చుని వంచబోయాడు.

"దొరికినవ్ రా! ఏం పోస్తున్నవ్?" లస్మయ్య ఒక్క ఉరుకున బయటికొచ్చాడు. చేట పడేసి నేనూ మెట్లెక్కాను.

"నీళ్లు కాకా."

చెంబు లాక్కుని వాసన చూశాను. నాలుక మీద వేసుకుని చూశాను. వట్టి కుళాయి నీళ్ళు.

"ముట్టద్దన్న గద రా!"

"ముట్టలే కాకా, నీళ్లే పోసిన. డ్యూటీ దిగి వచ్చేసరికి పాపం తలకాయ వాల్చి ఉంటది. నువ్వు మర్చిపోతున్నవని దినాం పోస్తున్న."

"నేను పొద్దుగాల డబ్బ నిండ పోసే పండుకుంటున్న గద రా!"

మట్టిలో వేలు గుచ్చాను. పైన పొడి, లోపల బురద. వేలు తీస్తే మురుగు కంపు. డబ్బా అడుగున తూటు కూడా లేదు. మెట్ల మీద నీళ్ళు కారితే ఇంటి యజమాని సేఠ్ లొల్లి పెడతాడని లస్మయ్యే పెట్టలేదట.

"ఇద్దరు గలిసి దాన్ని ముంచి సంపుతున్నరు," అన్నాను. "ఏర్లు కుళ్లితే పూత యాడ నిలుస్తది? తూటు పెట్టుర్రి. ఇగ మీద ఏలు పెట్టి సూసి, లోపల పొడి తగిల్తెనే పొయ్యాలె. ఒక్కలే పొయ్యాలె."

సదానందం మేకు తెచ్చి డబ్బా అడుగున కొడుతున్నాడు. నల్లటి నీళ్ళు కారుతున్నాయి. అప్పుడే ఆగయ్య రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని మెట్లెక్కాడు.

"లస్మయ్యన్నా, జాగ ఖాళీ అయ్యిందా?"

సదానందం చెయ్యి ఆగిపోయింది. పెట్టెను చూశాడు, లస్మయ్యను చూశాడు. లస్మయ్య వినబడే చెవినే గోక్కుంటూ గోడ వంక తిరిగాడు. ఆగయ్య ఇంకా గట్టిగా అరిచాడు.

"జాగ లేదు, పో," అన్నాడు లస్మయ్య. తప్పయిందన్న మాట ఆ నోట రాదు. నా చేతిలోని చెంబు లాక్కుని సదానందం ముందు పెట్టాడు. "ఇగ నువ్వే పొయ్యి. నేను పొయ్య. పువ్వు రాలిందో, సూడు మల్ల!"

సదానందం చాలాసేపు చెంబు ముట్టలేదు. తరవాత దాన్ని తీసి తన వైపు పెట్టుకుని మళ్ళీ మేకు కొట్టసాగాడు.

ఆగయ్య గొణుక్కుంటూ దిగిపోయాడు. పోతూ పోతూ మిరపచెట్టు వంక ఒక చూపు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.