పసుపంటిన పులి ముక్క

నా మనవరాలి దగ్గర పదకొండు ముక్కలున్నాయి. ఆటకి అరవై కావాలి. మిగతా నలభై తొమ్మిదీ ఎక్కడా దొరకవు. ఇదివరకు ఎవరో బాంకాక్ నుంచి సంచిలో వేసుకొచ్చి అమ్మేవారట. విమానాలు ఆగిపోయాయి, తెచ్చేవాళ్ళు లేరు.

ముక్కలంటే మన పేకముక్కలు కావు. ఒక్కోదాని మీద ఒక్కో జంతువు, మూలన దాని బలం ఎంతో ఒక అంకె, కింద ఇంగ్లీషులో నాలుగు వరుసలు. రెక్కల పులి, మూడు తలల చేప, మంటలు కక్కే కప్ప.

మేముండేది బర్మాలో, లమ్మడా అనే పేటలో, ఐదో అంతస్తు. ముందు జబ్బు వచ్చి తలుపులు వేయించింది, తరువాత సైన్యం వచ్చి వేయించింది. పిల్ల బడి మానేసింది. సైన్యం నడిపే బడికి దాని తరగతిలో ఎవరూ వెళ్ళకూడదనుకున్నారు, నేనూ వెళ్ళమనలేదు. రాత్రి ఎనిమిదింటికి సైన్యం మీద కోపంతో వీధంతా గిన్నెలు కొట్టేటప్పుడు మాత్రం లేచి వచ్చి ఒక మూకుడు వాయించేది. మిగతా వేళంతా గోడవైపు తిరిగి పడుకునేది. ఫోనులో నెట్టు పోయాక మాట కూడా పోయింది. పదహారేళ్ళ పిల్ల.

మూడో అంతస్తులో బర్మా వాళ్ళు, ఇద్దరు అక్కాచెల్లెళ్ళు, మెట్ల మలుపులో చాప వేసుకుని ఈ ఆట ఆడేవారు. సొంతంగా అరవై ముక్కలున్నవాళ్ళెవరైనా వచ్చి కూర్చోవచ్చు. అదొక్కటే వాళ్ళ షరతు. మా పిల్ల మెట్ల మీద నిలబడి కాసేపు చూసి పైకొచ్చేసేది. దాన్ని ఆ చాప మీద కూర్చోబెట్టాలి. నాకు కావలసింది అంతే.

"ఏటే, అచ్చేసుకుంటే సరిపోదా?" అన్నాను.

"దొంగ ముక్కలంతారు మామ్మా."

"సెప్పకుండా ఆడితే దొంగ. సెప్పి ఆడితే?"

పిల్ల ఇటు తిరిగింది. "సెప్పి ఆడితే ప్రాక్సీ అంతారు. బయట దేశాల్లో అందరూ ఆడతారంట. అమ్ముకోకూడదు, అంతే."

ఆ మాట నాకు కొత్త, సంగతి కొత్త కాదు. రమ్మీలో జోకరు చేసే పనే కదా. లేని ముక్కకి బదులు కూర్చుంటుంది, అందరికీ తెలిసే కూర్చుంటుంది.

ముప్పై ఏళ్ళు లమ్మడాలోనే ఒక అచ్చాఫీసులో కాగితం కోశాను. మన వాళ్ళ శుభలేఖలు, తెలుగు ఒకవైపు, బర్మీ ఒకవైపు. ఏ అక్షరమూ తెలియదు. వినాయకుడి తల ఎటుందో చూసి కార్డు పైదేదో కిందదేదో తెలుసుకునేదాన్ని. యాభై ఆరో ఏట గుడి దగ్గర ఆదివారం బడికి వెళ్ళి చిన్నపిల్లల మధ్య కూర్చున్నాను. పంతులమ్మ వెనక్కి వెళ్ళమంది. నాకు కళ్ళు ఆనవు, ముందే కూర్చుంటానన్నాను. అలా వచ్చాయి అక్షరాలు. అప్పట్నుంచి ఏది కనబడినా చదవాలనిపిస్తుంది, అర్థం కాకపోతే అడగాలనిపిస్తుంది. సిగ్గుపడే రోజులు అయిపోయాయి.

కాబట్టి అడిగాను. పులికి రెక్కలెందుకు? కప్ప పులినెలా చంపుతుంది? అరవై ఎందుకు, యాభై రెండు ఎందుకు కాదు?

"అలగే ఉంతాది మామ్మా."

"ఎవడు పెట్టాడే ఆ లెక్క?"

"నాకేటి తెలుసు! జపానోడు పెట్టినాడేమో."

ఆ ఒక్క పూట ఆడినన్ని మాటలు అంతకుముందు నెలంతా ఆడలేదు.

అచ్చాఫీసు మూసేశారు. అచ్చు యంత్రం ఉన్నవాడినల్లా ఏం అచ్చేశావని సైన్యం అడిగే రోజులు. యజమాని వెనక తలుపు తీసి, మిగిలిపోయిన శుభలేఖల అట్ట ఒక కట్ట ఇచ్చి, నేనివ్వలేదు నువ్వు రాలేదు అన్నాడు. సంచి అడుగున పెట్టి పైన తోటకూర కప్పాను. సరుకులైతే బాల్కనీ నుంచి తాడు వేసి లాక్కుంటాం. ఆ రోజు తాడుని నమ్మలేదు. మోకాళ్ళు తిట్టుకుంటుంటే ఐదు అంతస్తులూ చంకలో పెట్టుకునే ఎక్కాను.

నా కొడుకు ఆఫీసు పనికి కొన్న చిన్న ప్రింటరు ఇంట్లో ఉంది. బొమ్మలు పిల్ల ఫోనులో ఎప్పుడో దాచుకుంది. కరెంటు వచ్చిన గంటల్లోనే అచ్చు. నలభై తొమ్మిదే వేద్దామంది. అరవైయ్యీ వేయమన్నాను.

"అసలువి నున్నగుంతాయి, మనవి గరుకు. కళ్ళు మూసుకుని ఏది ఏదో సెప్పేస్తాను. సేతి ఏళ్ళకి తెలిసిపోతే అదేటి ఆట?"

నమ్మలేదు. నా కళ్ళకి తువ్వాలు కట్టి పిల్ల పరీక్ష పెట్టింది. పదకొండూ ఏరి పక్కన పెట్టాను.

వెనకవైపు అన్నిటికీ ఒకే నీలం, ముందువైపు బొమ్మ. ఉక్కు స్కేలు పెట్టి కత్తితో నేను కోశాను. గోళ్ళు తీసే కట్టరుతో మూలలు పిల్ల గుండ్రంగా తీసింది. ఆఖరి కాగితంతో నీలం సిరా అయిపోయింది, అట్టా అయిపోయింది.

మర్నాడు పొద్దున్న పిల్ల స్నానానికి వెళ్ళింది. కట్ట నా ముందు బోర్లా ఉంది. అచ్చాఫీసులో ఏ పెళ్ళి పని పూర్తయినా పై కార్డుకి నాలుగు మూలలా పసుపు పెట్టి, దేవుడి ముందు ఉంచాకే కట్ట కట్టేదాన్ని. ముప్పై ఏళ్ళు ఆ పని చేసిన చెయ్యి నన్నడగలేదు. పసుపు తడిపి పై ముక్కకి అద్దింది. దండం పెట్టుకున్నాను. ఆరాక తుడిచి కట్టలో కలిపేశాను. ఆ ముక్క రెక్కల పులని తరువాత తెలిసింది. పిల్ల కట్టలో అన్నిటికన్నా బలమైనది అదే.

మధ్యాహ్నం ఇద్దరం దిగాం. ఆ అక్కాచెల్లెళ్ళతో మాటలు బర్మీలోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఇవి మేం ఇంట్లో అచ్చు వేసినవి," అని పిల్ల ముందే చెప్పింది.

అక్క నాలుగైదు ముక్కలు వంచి చూసింది. "అసలు వాటికన్నా గట్టిగా ఉన్నాయే. కూర్చో."

కూర్చుంది. నేను మెట్టు మీద కూర్చుని చూశాను. రెండు ఆటలు మా పిల్లే గెలిచింది. మూడోదాంట్లో అక్క తన చేతిలో ముక్కలు కింద పెట్టేసింది.

"నీ కట్టలో ఒకదాని అంచు పసుప్పచ్చగా ఉంది. అది వచ్చినప్పుడల్లా పులే. రెండుసార్లూ చూశాను."

పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. ముక్కలన్నీ చాప మీదే వదిలేసి మెట్లెక్కి వెళ్ళిపోయింది. పైన తలుపు దభాలున పడింది.

"గుర్తు పెట్టుకుని ఆడేవాళ్ళతో మేం ఆడం, అఫ్వా," అంది అక్క. అఫ్వా అంటే మామ్మ. మర్యాదగానే అంది.

"గుర్తు పెట్టింది నేను," అన్నాను.

"పులి అని తెలిసే పెట్టారా?"

"దాని మొహం కూడా చూడలేదు. పైనున్నదానికి పెట్టాను. పెళ్ళికార్డు లాగే, కొత్త కార్డు ఏదైనా పసుపు లేకుండా మా గడప దాటదు."

చెల్లెలు ఫక్కున నవ్వింది. "అఫ్వా, పులికి పెళ్ళి చేశారా?"

"చేశాను. భోజనాలే తక్కువ."

అక్క నవ్వలేదు. "మీ మనవరాలికి తెలుసా?"

"తెలిస్తే నన్ను తిట్టి ఉండేది."

"అయితే అన్నిటికీ పసుపు పెట్టేయండి," అంది చెల్లెలు.

"కుదరదు. వేల కార్డులకి పెట్టాను, ఏ రెండు చుక్కలూ ఒకలా పడలేదు."

మళ్ళీ అచ్చు వేయడానికి సిరా లేదు, అట్ట లేదు. యాభై తొమ్మిదితో ఆట లేదు. ఇక మిగిలింది ఒకటే. అంచు మాసిన కట్టని అచ్చాఫీసులో ఏం చేస్తామో అదే చేయాలి, మొత్తం కట్టని కోయాలి.

"మీ ముందే కోస్తాను," అని కత్తి కోసం పైకెళ్ళాను.

పిల్ల గోడవైపు తిరిగి ఉంది.

"పసుపు నానే పెట్టినాను. తప్పు నాది, లెగు."

కత్తీ స్కేలూ తీశాను.

"కింద కోస్తన్నాను. సెయ్యి వణికితే అరవైయ్యీ పోతాయి. స్కేలు పట్టుకుంతావా, పడుకుంతావా?"

సగం మెట్లు దిగేసరికి వెనక చెప్పుల చప్పుడు వినిపించింది.

పొడవు అంచులు రెండూ కోస్తే నాలుగు మూలల పసుపూ పోతుంది. బియ్యపుగింజంత వెడల్పు తీయాలి. ఐదేసి ముక్కలు పేర్చాను. పిల్ల స్కేలు మీద రెండు చేతులూ అదిమింది.

"ఊపిరి తియ్యకే."

"నువ్వు మాటాడకు మామ్మా."

చెల్లెలు తన కట్టరు తెచ్చి మూలలు మళ్ళీ గుండ్రంగా తీసింది. కొన్నిటికి బలం అంకె సగం తెగిపోయింది. ఫరవాలేదు, నాకన్నీ కంఠతా వచ్చు అంది అక్క. ఆఖరి ఐదు మిగిలాయి. కత్తి కింద పెట్టి, చీర కుచ్చిళ్ళకి అరచెయ్యి తుడుచుకుని, మళ్ళీ తీశాను.

అక్క అరవైయ్యీ కలిపి చాప మీద బోర్లా పరిచింది. "పులిని తీయండి, అఫ్వా."

ఒక్కోదాన్నీ వేళ్ళతో తడిమి ఒకటి తీశాను. కప్ప.

"ఇప్పుడు నువ్వు."

పిల్ల చాలాసేపు చూసి ఒకటి తిప్పింది. చేప. ఇంకోటి తిప్పింది. మళ్ళీ చేప.

అప్పుడు నవ్వింది అక్క. "ఆట మొదలెడదాం, ఏడు ముక్కలు తీసుకో," అంది.

ఆ ఆట మా పిల్ల ఓడిపోయింది. పులి కట్ట అడుగున ఉండిపోయిందట. తర్వాతదీ ఓడిపోయింది. మర్నాడు నేను టీ పెట్టేసరికి దాని పక్క ఖాళీగా ఉంది. తలుపు తీస్తే మూడో అంతస్తు నుంచి దాని గొంతు వినిపించింది, ఆటలో ఏదో నియమం గురించి అక్కతో దెబ్బలాడుతోంది. విన్నంతవరకు తప్పు మా పిల్లదే. దిగి చెప్పాలనిపించింది కానీ వెళ్ళలేదు. తలుపు తెరిచే ఉంచి టీ తాగాను.